నీళ్ళెక్కని ట్యాంకు మీద మా అన్నయ్య

మా అన్నయ్య నతానియేలు పోయి మూడు నెలలయింది. ముప్పై మూడేళ్ళకి పచ్చకామెర్లతో పోయాడు. అమలాపురంలో ఒక కాలేజీలో ఫిజిక్సు ల్యాబు అటెండరు. పెళ్ళి చేసుకోలేదు. ఈ రెండు ముక్కలతో అతని సంగతి అయిపోయిందనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ మీద కోపంతోనే ఇది రాస్తున్నాను. కోపం తగ్గాక రాయమ్మా అన్నారు మా పాస్టరుగారు. తగ్గితే నేను రాయను.

మాది కొత్తపేట దగ్గర ఊరు. కాలవ గట్టు కింద మా పేట. నాన్న పేతురు దింపు పని చేసేవాడు. రైతుల తోటల్లో కొబ్బరిచెట్లెక్కి గెలలు కోసి కిందకి వదలడమే దింపు. అమ్మ కృపమ్మ డొక్కలు, అంటే కొబ్బరికాయల పైతొక్కలు, నానబెట్టి పీచు కొట్టేది. పీచు కొట్టగా రాలే పొట్టు మా ఇంటి వెనక కొండలా పేరుకుని ఉండేది. దాన్ని ఎవరూ కొనరు. మేం పిల్లలం దాని మీద దూకి ఆడుకునేవాళ్ళం.

దింపులో ఒక కట్టుబాటుంది. చెట్టు తల మీద మొవ్వులో కూర్చున్నవాడికి మట్టల అడ్డం వల్ల నేల కనపడదు. అందుకని కింద ఒక మనిషి నిలబడతాడు. అతను చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, తను పక్కకి తప్పుకుని, "వదులు" అంటాడు. అన్న మరుక్షణం పైవాడు వదలాలి. ఆలోచించకూడదు, మారు మాట అడగకూడదు. ఆ జాగులో ఏ పసిపిల్లో పరిగెత్తుకుంటూ ఆ చోటుకి రావచ్చు. నాన్న ముప్పై అయిదేళ్ళు చెట్లెక్కాడు. ఆయన వదిలిన గెల ఎవరి నెత్తినా పడలేదు. ఆ సంగతి చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా చెప్పేవాడు.

ఎనిమిదేళ్ళప్పుడు అన్నయ్య నాన్నతో తోటకి వెళ్ళి పడే కాయల్ని లెక్కపెట్టేవాడు. ఎన్ని పడ్డాయని కాదు. ఎంతసేపు పడ్డాయని. "ఒకటీ, రెం..." అనేలోపు నేల తాకేది.

ఒకరోజు అడిగాడు: "నాన్నా, గెలకి చీమలుంటాయి గదా. పడేటప్పుడు వాటికి బరువుంటాదా?"

"కిందపడ్డాక లేచి నడుస్తన్నాయి గదరా. ఆటినే అడుగు," అన్నాడు నాన్న చుట్ట వెలిగించుకుంటూ.

ఇంటర్మీడియెట్ ఫస్టు క్లాసులో పాసయ్యాడు. ఆ ఏడే నాన్న చెయ్యి విరిగి తొమ్మిది నెలలు చెట్టెక్కలేకపోయాడు. అన్నయ్య డిగ్రీలో చేరే బదులు కాలేజీలో అటెండరుగా చేరాడు. అది డెబ్బై మూడో సంవత్సరం. లెక్చరర్లు చెప్పబోయే ప్రయోగానికి సామాను సర్దిపెట్టడం, గాజు పాత్రలు కడగడం, బల్లలూ సొరుగులూ తుడవడం అతని పని. లెక్చరరుకి తప్పు రీడింగు వస్తే వెనకనుంచి మెల్లిగా "స్క్రూ ఒకసారి చూడండి సార్" అనడం అతని పని కాదు. కానీ అనేవాడు.

లైబ్రరీలో పాత పత్రికలు దులుపుతూండగా ఒక వ్యాసం కంటపడింది. విదేశాల్లో ఎత్తయిన టవర్లు కట్టి, పైనుంచి పెట్టెల్ని వదులుతున్నారట. పడుతున్నంతసేపూ పెట్టెలో ఉన్న ఏ వస్తువుకీ బరువుండదు. పెట్టె ఎంత వేగంగా పడుతోందో లోపలి వస్తువూ అంతే వేగంగా పడుతుంది కాబట్టి, ఒకటి ఇంకొకదాన్ని నొక్కదు. అంతరిక్షంలోకి వెళ్ళక్కర్లేకుండా రెండు మూడు సెకన్లపాటు ఇక్కడే అంతరిక్షం. ఆ రెండు సెకన్లలో మంట ఎలా మండుతుంది, నీళ్ళు ఎలా నిలుస్తాయి అని చూస్తారట. అన్నయ్య ఆ వ్యాసం మొత్తం నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకుని ఇంటికొచ్చి, నాన్నతో, "నా చీమకి జవాబు దొరికింది," అన్నాడు. నాన్నకి ఏ చీమో జ్ఞాపకం లేదు.

టవరు మాకుంది. అదే నా కోపంలో మొదటి భాగం. డెబ్బై ఎనిమిదిలో మా పేట చివర మంచినీళ్ళ ట్యాంకు కట్టారు. నాలుగు స్తంభాలు, పైన గుండ్రటి తొట్టి, చుట్టూ నడిచే వరండా. ప్రారంభోత్సవం నాడు నీళ్ళెక్కించారు. సాయంత్రానికి తొట్టి అడుగునుంచి ధారలు కట్టింది. సముద్రపు ఇసకతో కట్టాడు కాంట్రాక్టరు. మళ్ళీ ఆ ట్యాంకులోకి చుక్క నీరు ఎక్కలేదు. మా ఆడవాళ్ళు దాని నీడలోంచే నడిచి కాలవకెళ్ళి బిందెలతో నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. అంత సిగ్గుమాలిన కట్టడం మా కళ్ళెదుట రోజూ నిలబడి ఉండేది.

వరండా నుంచి నేలకి యాభై రెండడుగులు. అన్నయ్య కొలిచాడు. పై నుంచి పడే వస్తువుకి ఒకటీ పాయింటు ఎనిమిది సెకన్లు పడుతుంది. పంచాయతీ ప్రెసిడెంటు బుచ్చిరాజుగారి దగ్గరికి పర్మిషను కోసం వెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను.

"ట్యాంకెక్కి ఏం చేస్తావురా?"

"పడేస్తానండి."

"దేన్ని?"

"పెట్టెనండి."

"నువ్వు దూకవు గదా?"

"ఆయ్, దూకనండి."

"అయితే నాకేం అడ్డం? నీళ్ళెలాగూ పడవు, పెట్టెలన్నా పడనీ," అని నవ్వారు బుచ్చిరాజుగారు.

ఎనభైలో మొదలెట్టాడు. వీలు కుదిరిన ఆదివారాల్లో ఆరాధన అయ్యాక మా పేట మగవాళ్ళు నలుగురు గిలకతో పెట్టె పైకి లాగేవాళ్ళు. నేను కింద స్టాప్‌వాచీ పట్టుకునేదాన్ని. పెట్టె అంటే ఒకటి కాదు, పెట్టెలో పెట్టె. ఒక్క పెట్టే అయితే గాలి దాన్ని ఆపుతుంది, ఆపినంత మేరా లోపల బరువు పుడుతుంది. అందుకని బయటి పెట్టె గాలి దెబ్బ కాస్తుంది. దాని లోపల జానెడు ఖాళీ వదిలి చిన్న పెట్టె. అది దేన్నీ తాకకుండా తన దారిన తను పడుతుంది. చిన్న పెట్టెలో ఒక కొవ్వొత్తి, ఒక కెమెరా.

మొదట తాడు కోసి వదిలారు. కొబ్బరితాడు ఒక్కసారిగా తెగదు, ఒక్కొక్క పురే తెగుతుంది. పెట్టె ఒరిగి పడేది, కొవ్వొత్తి ఆరిపోయేది. అలా ఆరువారాలు పోయాయి. నాన్న చూసి చూసి, "కొయ్యమాకరా. చీల పెట్టు," అన్నాడు. రెండు పెట్టెల తాళ్ళూ ఒకే నున్నటి కొయ్యచీలకి తగిలించి, చీలకి కొబ్బరినూనె రాసి, చీల లాగేశాడు. తాళ్ళు రెండూ ఒకేసారి జారాయి. పెట్టె గీత గీసినట్టు పడింది. ఆ రోజునుంచీ చీల లాగే పని నాన్నది.

కింద పడే చోట అమ్మ కొట్టిన పీచుపొట్టు. మనిషి ఎత్తున గొయ్యి తవ్వి, నిండా ఎండుపొట్టు పోశారు. పై నుంచి పెట్టె గంటకి నలభై మైళ్ళ వేగంతో వచ్చి పడేది. పొట్టు దాన్ని లోపలికి తీసుకుని, మెల్లిగా ఆపేది. ఎర్రటి దుమ్ము ట్యాంకు సగందాకా లేచేది. విదేశాల్లో ఏం వాడతారో నాకు తెలీదు. మాకు పెద్ద తోటలు లేవు, నీళ్ళు లేవు, పొట్టు మాత్రం ఉంది.

కెమెరా ఇచ్చింది కొత్తపేటలో స్టూడియో నడిపే సుబ్బరాజుగారు. "పగిలితే?" అని అడిగారు.

"నా పెళ్ళి ఫొటోలు మీ దగ్గరే తీయించుకుంటానండి."

"ట్యాంకుల మీంచి పెట్టెలు పడేసేవాడికి పిల్లనెవడిస్తాడయ్యా? తీసుకెళ్ళు," అన్నారాయన.

పడే పెట్టెలో కెమెరా మీట ఎవరు నొక్కాలి? దీనికి అన్నయ్య చేసిన ఏర్పాటు నేను ఎన్నిసార్లు తలచుకున్నా గర్వంగా ఉంటుంది. ఒక స్ప్రింగుకి ఇనపగుండు కట్టి వేలాడదీశాడు. గుండు బరువుకి స్ప్రింగు సాగి ఉంటుంది. పెట్టె పడటం మొదలవగానే గుండుకి బరువు పోతుంది. బరువు పోతే స్ప్రింగు ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ మీట లాగుతుంది. మంట కుదురుకోడానికి అర సెకను కావాలి కాబట్టి, ఆ లాగుడు నెమ్మదించేందుకు పశువుల డాక్టరు పారేసిన సిరంజిలో కొబ్బరినూనె పోసి మధ్యలో బిగించాడు. బరువు లేకపోవడమే వచ్చి మీట నొక్కుతుంది. మనిషి అక్కర్లేదు.

ఎనభై ఒకటి ఆగస్టులో మొదటి మంచి ఫొటో వచ్చింది. సుబ్బరాజుగారు స్వయంగా సైకిలు మీద తెచ్చారు. కొవ్వొత్తి మొనమీద మంట లేదు. మనం ఎరిగిన, పైకి సాగిన పసుపుపచ్చ మంట లేదు. వత్తి చుట్టూ నీలంగా, గుండ్రంగా, మసగ్గా ఒక బుడగ. వేడిగాలికి బరువు తక్కువ కాబట్టే పైకి లేస్తుంది, మంటని లాగుతుంది. బరువే లేనప్పుడు పైకీ కిందకీ తేడా లేదు, మంట ఎటూ పోదు.

అమ్మ ఆ ఫొటో చేతిలోకి తీసుకుని, "దీపం భయపడి ముడుచుకున్నట్టుందిరా," అంది.

"భయం కాదమ్మా. దానికి తొందర లేదు," అన్నాడు అన్నయ్య.

ఆ ఫొటో కాలేజీకి తీసుకెళ్ళి ఫిజిక్సు శాఖ పెద్ద కొండలరావుగారికి చూపించాడు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసి, "ఇది మన డిపార్టుమెంటు పనోయ్," అన్నారట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు అన్నయ్య మొహం వెలిగిపోయింది. 'మన' అన్నందుకు సంతోషించాడు. ఆ మాటకి ఏం అర్థమో మాకు తర్వాత తెలిసింది.

అదే శీతాకాలంలో పంచాయతీకి తాఖీదు వచ్చింది. ట్యాంకు ప్రమాదకరంగా ఉంది, వేసవిలో పడగొట్టాలి. అన్నయ్య బుచ్చిరాజుగారి దగ్గరికి పరిగెత్తాడు.

"నేనేం చెయ్యనురా? నీ పెట్టెల కోసం ఉంచమని రాస్తే నన్ను పిచ్చోడంటారు," అన్నారాయన. కొంచెం ఆలోచించి, "ఒక పని చెయ్యి. ఇది పనికొచ్చేదేనని యూనివర్సిటీ వాళ్ళ చేత ఒక్క ఉత్తరం రాయించు. అది చూపించి ఎవడొచ్చినా ఆపుతాను. నాది పూచీ."

ఆ రోజునుంచి అన్నయ్యకి కావలసింది ఒకటే. ఒక ఉత్తరం. అది వస్తే టవరు ఉంటుంది. రాకపోతే ఉండదు.

కొండలరావుగారు విశాఖపట్నంలో తన గురువుగారైన ప్రొఫెసరుకి రాశారు. ప్రొఫెసరుగారు తన కూతురి పెళ్ళి కుదరాలని మురమళ్ళ వీరేశ్వరస్వామికి కల్యాణం చేయించడానికి వస్తున్నారట. తిరుగుదారిలో అరగంట ఆగి చూస్తామన్నారు. ఎనభై రెండు ఫిబ్రవరి, మంగళవారం.

"నువ్వు పైన ఉండి వదులు. కింద నేను ఎక్స్‌ప్లెయిను చేస్తాను," అన్నారు కొండలరావుగారు అన్నయ్యతో.

"సార్, ఆయన ఏవన్నా అడిగితే..."

"నేను చెప్తానుగా."

ముందురోజు అన్నయ్య గొయ్యి అంతా తిరగదోడి, కొత్త పొట్టు తనే పోశాడు. మంగళవారం తెల్లారగానే నాన్నతో కలిసి పైకెక్కి సామాను బిగించుకోవడం మొదలుపెట్టాడు. కింద ఏం జరుగుతోందో చూసుకోలేదు.

కింద జరిగింది ఇది. బుచ్చిరాజుగారు వచ్చి, పొట్టు గొయ్యి చూసి, మా అమ్మతో, "కృపమ్మా, పెద్దాయన తెల్లబట్టలతో గుళ్ళోంచి వస్తున్నారు. ఈ దుమ్ము ఆయన మీద పడితే మన పరువేం కాను? కళ్ళాపి జల్లండి," అన్నారు. పెద్దమనుషులొస్తే వాకిట్లో నీళ్ళు చల్లడం మాకు తెలిసిన మర్యాద. మా పేటకి అలాంటి మనిషి ఎప్పుడూ రాలేదు. పేటలో ఆడవాళ్ళందరూ బిందెలు తీశారు. కాలవ నుంచి గొయ్యికి, గొయ్యి నుంచి కాలవకి. మూడు గంటలు మోశారు. నేనూ మోశాను. రెండేళ్ళు ఆ గోతి పక్కన నిలబడిన నాకైనా తట్టాల్సింది. పైపైనే గదా తడుస్తుంది అనుకున్నాను. పీచుపొట్టు నీళ్ళని పైన ఉండనివ్వదు, ఎంత పోస్తే అంతా తాగుతుంది. తాగి రాయిలా బరువెక్కుతుంది. ఏడు బిందెలు పోశాను నేను.

పదకొండింటికి కారు వచ్చింది. కొండలరావుగారు ప్రొఫెసరుగారికి కుర్చీ వేయించి, ఇంగ్లీషులో వివరించారు. "మా డిపార్టుమెంటు" అన్న మాట నాలుగుసార్లు విన్నాను. "మా అటెండరు పైన ఉన్నాడు, వదలడానికి," అన్న మాట ఒకసారి.

పైన అన్నయ్య కొవ్వొత్తి వెలిగించి, మూత వేసి, కిందకి తొంగి చూశాడు. ఎండుపొట్టు ఇటుకరంగు. తడిసినది నలుపు.

"ఆగండి! పొట్టు తడిసిపోయింది!" అని అరిచాడు. "తవ్వాలండి! అరగంట ఇవ్వండి! వదలకూడదు!"

ప్రొఫెసరుగారు వాచీ చూసుకున్నారు. కొండలరావుగారు తల పైకెత్తి, "తడిస్తే ఏమయింది? సార్‌కి టైము లేదు. కానీ!" అన్నారు.

"వద్దండి! పెట్టె పగిలిపోద్ది!"

అప్పుడు కొండలరావుగారు అన్నయ్యని వదిలేసి, నాన్నని పిలిచారు. ఆయనదీ తోటలున్న కుటుంబమే. దింపు కట్టుబాటు పసితనం నుంచీ చూసినవాడే. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, తోటలో రైతు అరిచినట్టే అరిచారు.

"పేతురూ! వదులు!"

నాన్న చీల లాగేశాడు.

ఆ చప్పుడు నేను మరిచిపోలేను. ఎప్పుడూ దుమ్ములోకి మెత్తగా దిగే పెట్టె పెంకుటిల్లు కూలినట్టు పడింది. బయటి చెక్కలు ఎగిరిపోయాయి. లోపలి పెట్టె మధ్యకి చీలిపోయింది. సుబ్బరాజుగారి కెమెరా లెన్సు దొర్లుకుంటూ వచ్చి కుర్చీ కాళ్ళ దగ్గర ఆగింది. దుమ్ము మాత్రం లేవలేదు. తెల్లబట్టలు తెల్లగానే ఉన్నాయి.

అన్నయ్య ఇనపనిచ్చెన దిగి వచ్చేసరికి ప్రొఫెసరుగారు లేచి నిలబడ్డారు. కొండలరావుగారు, "చెప్తే వినడండి, మొండివాడు. సరిగ్గా బిగించలేదు," అంటున్నారు.

అన్నయ్య ఆయన వైపు చూడలేదు. "అయ్యా, తప్పు టవరుది కాదండి. పొట్టు తడిసిందండి. ఇదిగోండి పాత ఫొటోలు. నెలరోజులివ్వండి, ఇంకో పెట్టె చేస్తాను," అన్నాడు.

"ఉత్సాహం మంచిదే," అన్నారు ప్రొఫెసరుగారు కారెక్కుతూ. ఫొటోలున్న కవరు కొండలరావుగారు అందుకున్నారు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా, "ఫైల్లో ఉన్నాయోయ్," అనేవారు.

అన్నయ్య నాన్నతో మాట్లాడటం మానేశాడు. ఈ సంగతి దాచను. అన్నయ్య దేవుడని చెప్పడానికి నేను ఇది రాయడంలేదు. ఒకే ఇంట్లో, ఒకే చాప మీద కూర్చుని అన్నం తింటూ ఇరవై రోజులు పలకరించలేదు. ఆఖరికి ఒక పొద్దున నాన్న పళ్ళు తోముకుంటుంటే వెనక నిలబడి అడిగాడు.

"ఎందుకు లాగేవు నాన్నా?"

"వదులు అన్నారు గదరా."

"నేను ఆగమన్నాను. పక్కనే ఉన్నాను. నీ చెయ్యి పట్టుకోబోయాను."

నాన్న నోరు పుక్కిలించాడు. "నువ్వు పైనున్నావురా. పైనున్నోడి మాట చెల్లదు. కిందోడిదే చెల్లుద్ది. ముప్పైఅయిదేళ్ళు అలాగే బతికేను," అన్నాడు. తన అరచెయ్యి చూసుకుని, "చెయ్యి దానంతటదే లాగేసింది," అన్నాడు.

ఆ రోజే ఇద్దరూ కొత్త పెట్టెకి చెక్కలు కోశారు. సుబ్బరాజుగారు మొహం ముడుచుకుంటూనే ఇంకో పాత కెమెరా ఇచ్చారు. మార్చి నెలంతా ఆదివారాలే కాదు, కాలేజీ నుంచి రాగానే వదిలేవాళ్ళు. పదిహేడుసార్లు. మొదటి పెట్టెతో ఇరవై ఆరు. మొత్తం నలభై మూడు. ఒక్కొక్కటీ ఒకటీ పాయింటు ఎనిమిది సెకన్ల లెక్కన, అన్నీ కలిపితే నిమిషం పదిహేడు సెకన్లు. మా అన్నయ్య రెండేళ్ళ కష్టం అంతసేపు.

పన్నెండు ఫొటోలు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా సెలవు పెట్టి, విశాఖపట్నం బస్సెక్కాడు. ప్రొఫెసరుగారి గది ముందు వరండాలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడ్డాడట. ఆయన బయటికొచ్చి, "కొబ్బరిపొట్టు కదూ నువ్వు?" అన్నారట.

"ఆయ్, నేనేనండి."

వరండా గోడ మీద పన్నెండూ వరసగా పరిచాడు. ప్రొఫెసరుగారు ఒక్కొక్కటే తిరగేసి వెనక రాసిన లెక్కలు చదివారట. తర్వాత ఒకదాని మీద వేలుపెట్టి అడిగారట: "ఈ అర సెకను ఆలస్యం ఎవరు లెక్కకట్టారు?"

"నేనేనండి."

"నూనెతోనా?"

"కొబ్బరినూనెండి. ఆముదం అయితే మరీ నెమ్మదండి."

ప్రొఫెసరుగారు నవ్వి లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారట. ఆ మాట చెప్పేటప్పుడు అన్నయ్య రెండుసార్లు చెప్పాడు, కూర్చోబెట్టారని. ఉత్తరం రాస్తానని మాటిచ్చారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు కూడా. కానీ ఉత్తరం అన్నయ్యకి రాయలేదు, బుచ్చిరాజుగారికీ రాయలేదు. పద్ధతి ప్రకారం కాలేజీకి, ఫిజిక్సు శాఖ పేరున రాశారు. పద్ధతి! అటెండరు ఉత్తరం అటెండరుకి రాకూడదు. పైవాళ్ళ చేతుల మీదుగా దిగాలి.

ఏప్రిలు నెలంతా అన్నయ్య రోజూ అడిగాడు. "సార్, యూనివర్సిటీ నుంచి ఏవన్నా వచ్చిందాండి?"

"ఏదీ రాలేదు. అసలు నన్నడక్కుండా నువ్వెవరు అక్కడికి పోడానికి?" అన్నారు కొండలరావుగారు.

ఏప్రిలు ఇరవై తొమ్మిదిన మనుషులొచ్చి ట్యాంకు పడగొట్టారు. బుచ్చిరాజుగారు నిజంగానే ఒక పూట ఆపారు. "కాయితం ఏదిరా నతానియేలూ? కాయితం ఉంటే చెప్పు," అని ఇంటికి కబురు పంపారు. కాయితం లేదు. సాయంత్రానికి స్తంభాలు విరిగాయి. దాని ఇసక వేలితో నొక్కితే రాలింది. అన్నయ్య గట్టు మీద నిలబడి చివరిదాకా చూశాడు. నేను ఏడుస్తుంటే, "ఊరుకో జయా. ఉత్తరం రాలేదు గదా, ఎవర్నంటాం?" అన్నాడు.

జూన్లో కాలేజీ తెరిచే ముందు సొరుగులు తుడవడం అటెండరు పని. కొండలరావుగారి బల్ల రెండో సొరుగులో, పరీక్షపేపర్ల అడుగున, ఆ ఉత్తరం ఉంది. ఏప్రిలు ఆరో తారీఖు వేసి ఉంది. విప్పి ఉంది. 'మీ శాఖలో పనిచేస్తున్న శ్రీ నతానియేలు స్వయంగా ప్రయోగాలకు మలచుకున్న ట్యాంకు టవరు పరిశోధనకు ఉపయోగకరమైనది. దానిని కాపాడవలసిందిగా పంచాయతీవారికి తెలియజేయగలరు' అని ఉంది. కొండలరావుగారి పేరు అందులో ఒక్కచోట కూడా లేదు. అందుకే అది సొరుగులో ఉంది.

నేనైతే ఆ కాగితం ఊరంతా తిప్పేదాన్ని. అన్నయ్య తిప్పలేదు. కొండలరావుగారి ముందు బల్ల మీద పెట్టాడు.

"సార్, ఇది ఏప్రిల్లో వచ్చిందండి. తపాలా రిజిస్టర్లో ఎక్కించలేదండి. నెంబరు వేయించండి."

"ఇప్పుడెందుకోయ్? ట్యాంకే లేదుగా."

"ట్యాంకు లేదండి. ఉత్తరం వచ్చిందని ఉండాలండి. వచ్చిన తారీఖుతో ఉండాలండి."

"చూద్దాంలే," అని ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ మరుసటి సోమవారం అన్నయ్య ఆయన గది గుమ్మంలో నిలబడి, "ఆ ఉత్తరానికి నెంబరు వేశారాండి?" అన్నాడు. ఆ పై సోమవారం కూడా. ప్రతి సోమవారం. గొంతు పెంచలేదు. అండి మానలేదు. ఆయన ప్రిన్సిపాలు అయ్యాక ఆ గది గుమ్మంలో నిలబడి అడిగాడు. లెక్చరర్లు నవ్వుకునేవాళ్ళు. ఒకాయన, "ఏమయ్యా, సోమవారం వచ్చిందా?" అని ఏడిపించేవాడు. రెండుసార్లు మెమో ఇచ్చారు. మెమో తీసుకుని సంతకం పెట్టి, "దీనికి నెంబరు ఉందండి. ఆ ఉత్తరానికి కూడా వెయ్యండి," అన్నాడు. కళ్ళు పచ్చబడ్డాక కూడా ఆరేళ్ళ అలవాటు తప్పకుండా రిక్షాలో వెళ్ళి అడిగొచ్చాడు. అది ఆఖరి సోమవారం. శుక్రవారం పోయాడు.

జ్ఞాపకార్థ కూడిక మా చర్చిలో పెట్టాం. కొండలరావుగారు వచ్చారు. మాట్లాడతానన్నారు. తెల్లటి లాల్చీ, భుజాన కండువా. "నతానియేలు వంటి వినయశీలిని నా సర్వీసులో చూడలేదు. పదిహేనేళ్ళలో ఒక్కసారి గొంతెత్తి ఎరగడు. ఎప్పుడు పలకరించినా అండి అనే మాటే," అన్నారు. జనం తలలూపారు. నాన్న ముందువరసలో కూర్చుని నేల చూస్తున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను లేచాను.

"ఆ ఉత్తరానికి నెంబరు వేశారాండి?" అన్నాను.

"ఏ ఉత్తరమమ్మా?"

"ఏప్రిలు ఆరో తారీఖుదండి. మీ రెండో సొరుగులోదండి."

ఆయన పాస్టరుగారి వైపు చూశారు. "ఇది సందర్భం కాదు తల్లీ," అన్నారు.

"ఎప్పుడు రమ్మంటారండి?"

ఆయన కండువా సర్దుకుని కూర్చున్నారు. పాస్టరుగారు ప్రార్థన చేసుకుందాం, అందరూ లేచి నిలబడండి అన్నారు. లేచారు. నేను ముందే నిలబడి ఉన్నాను.